ఇంట్లో పలకని పేరు

కంటి ఆసుపత్రి వరండాలో నర్సు మొదటిసారి "కె. జోగమ్మ" అని పిలిచినప్పుడు జోగమ్మ పలకలేదు. రెండోసారి పిలిచినప్పుడు ఆ మనిషెవరో చూద్దామని బెంచీల మీద వరసగా కూర్చున్న ముసలివాళ్ల వైపు తల తిప్పింది. మూడోసారి నర్సు గుమ్మం దాటి బయటికి వచ్చి, చీటీ పైకెత్తి మరీ పిలిచింది. అప్పుడు జోగమ్మకు ఆ నర్సు మీద జాలి, ఆ పలకని మనిషి మీద చిరాకు ఒకేసారి కలిగాయి.

"ఎవుత్తో గానీ, ఎంత గీరో సూడు వొదినా," అంది పక్కనున్న గంగాలమ్మతో. "ఆ పిల్ల గొంతు సించుకుంతంది. ఆఁ అంటే దీని సొమ్మేటి పోద్ది?"

"టీ తాగడానికెల్లుంటాది," అంది గంగాలమ్మ.

గంగాలమ్మది సముద్రపు ఒడ్డున జాలరిపేట. కంచరపాలెంలో జోగమ్మ వాళ్లుండే వీధికి రోజూ చేపల గంప తెచ్చే మనిషి. ఇద్దరికీ వయసు అరవై దాటింది, ఇద్దరికీ కంట్లో శుక్లాలు వచ్చాయి. తోడుగా ఉంటుందని ఆ పొద్దు కలిసి బయలుదేరారు. జోగమ్మ చీటీని ముందు రోజే కొడుకు రాయించి పెట్టాడు.

నర్సు ఆ చీటీని కట్ట అడుగుకు తోసి తర్వాతి పేరు చదివింది. గంగాలమ్మ పేరు వచ్చేసరికి ఆవిడ "ఆయ్, ఒత్తన్నా" అని వరండా అదిరేలా పలికి, లోపలికి వెళ్లి, పరీక్ష చేయించుకుని, ఆపరేషనుకు తేదీ కూడా వేయించుకుని వచ్చేసింది. బెంచీలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. పన్నెండు గంటలకు అక్కడ మిగిలింది వాళ్లిద్దరే.

"మీరెవరమ్మా, పొద్దుటి నుంచీ కూర్చున్నారు? పేరేమిటి?" అని అడిగింది నర్సు.

జోగమ్మ నోరు తెరిచింది. జవాబు నాలుక చివరికి వచ్చాక గాని తాను చేసిన పని ఏమిటో ఆవిడకు తెలియలేదు.

"జోగమ్మ," అంది, తప్పు ఒప్పుకుంటున్నదానిలా.

"మూడుసార్లు పిలిచాను కదండీ. డాక్టరుగారు వెళ్లిపోయారు. గురువారం రండి."

గంగాలమ్మ ఆవిడ ముఖంలోకి కాసేపు తేరిపార చూసింది. తర్వాత వరండా స్తంభాన్ని పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మెట్లు దిగుతూ నవ్వింది, బస్సు ఎక్కుతూ నవ్వింది, టిక్కెట్టు తీసుకుంటూ కండక్టరుకు కారణం చెప్పబోయి మళ్లీ నవ్వింది.

"పన్నెండేళ్ల నించి మీ గుమ్మంలో గంప దించుతన్నాను," అంది చివరికి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నీకు సందువాలు ఇష్టమని తెల్సు, కానాగంతలు పడవని తెల్సు. నీ పేరు మాత్రం ఈయేలే తెలిసింది. నీకు కూడా ఈయేలే తెలిసినట్టుంది."

"మమ్మల్ని పేరెట్టి ఎవులు పిలుత్తారే?"

"మా పేటలో అందరూ పిలుత్తారు. నా మొగుడు తెప్ప మీద నించే గంగాలూ అని కేకేత్తాడు. నాను ఒడ్డు మీద నించి ఆడి పేరెట్టి తిడతాను. అలగ అరుసుకోబట్టే ఇద్దరికీ పేర్లు గుర్తున్నాయి."

జోగమ్మ కూడా నవ్వింది. కాని ఆ నవ్వు కంచరపాలెం స్టాపు దాకా నిలవలేదు.

అది పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, సెప్టెంబరు నెల. జోగమ్మ ఏ సంగతినైనా మొదలంటా వెతికి చూసుకునే స్వభావం గలది. పాలు విరిగితే గిన్నె ఎవరు తోమారో, ఏ నీళ్లతో తోమారో తేల్చుకున్నాక గాని ఆవిడకు మనసు నిలిచేది కాదు. తన పేరు తనకే వినబడకుండా పోవడమంటే పాలు విరగడం కన్నా పెద్ద సంగతే. అందుచేత ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని దాని పుట్టుపూర్వోత్తరాలు తీయడం మొదలుపెట్టింది.

పుట్టింట్లో ఆవిడ జోగులు. తల్లీ తండ్రీ అన్నా అలాగే పిలిచేవారు. నాట్ల కాలంలో గట్టు మీది నుంచి ఎవరైనా "జోగులో" అని పిలిస్తే మడిలో వంగి ఉన్న పిల్ల నడుము ఎత్తకుండానే "ఓ" అని పలికేది. పదమూడో ఏట పెందుర్తి దగ్గరి ఊరికి జగ్గారావు భార్యగా వెళ్లింది. అక్కడ కోడలు పిల్ల అయింది. భర్తకు "ఇదిగో" అయింది. కొడుకు పుట్టాక ఊరందరికీ అప్పలసూరి తల్లి అయింది. ఆ కొడుక్కి పోర్టులో క్రేను నడిపే ఉద్యోగం వచ్చి కాపురం పట్నానికి మారాక, ఎర్రటి ఇనుప ఖనిజం ధూళి వాలే ఆ వీధిలో పెందుర్తి మామ్మ అయింది. భర్త పోయాడు, అన్న పోయాడు. పుట్టిన ఊరు ఉక్కు ఫ్యాక్టరీ స్థలంలోకి పోతున్నదని అక్కడి వాళ్లు ఒక్కొక్క ఇల్లే ఖాళీ చేసి తలా ఒక కాలనీకి చెదిరిపోయారు. జోగులు అన్న పిలుపు తెలిసిన గొంతులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆవిడకు తెలియదు.

ఒక్కొక్క మెట్టు దగ్గరా గౌరవం పెరిగింది. గౌరవం పెరిగిన కొద్దీ పేరు వినబడటం తగ్గింది. ఇంతవరకు ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. లోకంలో ఆడవాళ్లందరికీ జరిగేదే తనకూ జరిగింది.

కాని ఒక దారి మిగిలే ఉండాలి కదా. మనవరాలు ఉంది. పదిహేనేళ్ల పిల్ల, తన పేరే పెట్టుకున్న పిల్ల, ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండే పిల్ల. మరి ఆ పేరు ఏమైంది?

వాళ్లలో మొదటి ఆడపిల్లకు నాయనమ్మ పేరు పెట్టడం ఆనవాయితీ. బారసాల నాడు జోగమ్మ దగ్గరుండి ఆ పేరే పెట్టించింది. చెవిలో పేరు చెప్పి ఉయ్యాలలో వేయగానే, అప్పటికి పందొమ్మిదేళ్లయినా నిండని కోడలు ఆదిలక్ష్మమ్మ ఆనందం పట్టలేక ఉయ్యాల మీదికి వంగి, "జోగమ్మా, నా తల్లీ జోగమ్మా" అని బిడ్డ బుగ్గ పుణికింది. ఇంటినిండా చుట్టాలు. జోగమ్మ ఆ చుట్టాలందరి ముందూ అంది:

"ఏటే, అత్త పేరు నోటంట అనేత్తన్నావు? మీ ఇంట్లో ఇదే నేర్పినారేటి? రేపు దాన్ని తిట్టినావనుకో, ఆ తిట్లు ఎవులికి తగులుతాయి?"

పెద్దవాళ్లు నిజమేనన్నట్టు తలలు ఊపారు. ఆదిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత బిడ్డ ఏడ్చినప్పుడు ఆ పిల్ల వెతుక్కుని వెతుక్కుని "బుల్లీ" అంది. ఆ నిమిషం నుంచి బిడ్డ బుల్లి. కన్నతల్లి పేరు పెట్టి పిలవలేక అప్పలసూరి కూడా బుల్లి అన్నాడు. వాళ్లిద్దరినీ చూసి వీధి అంతా బుల్లి అంది. ఆ నాడు నలుగురిలో తన పెద్దరికం నిలిచిందని జోగమ్మ ఎంతో సంతోషించింది కూడా.

వెతుక్కుంటూ వెళ్లి వెళ్లి ఆవిడ తన దగ్గరికే వచ్చి ఆగింది. తన పేరును ఇంట్లోంచి గెంటింది మరెవరో కాదు, తానే.

గురువారం నాడు ఆవిడ తప్పకుండా పలికింది. బస్సులో దారి పొడుగునా ఆ పేరు తనలో తాను అనుకుంటూ వెళ్లింది కాబట్టి నర్సు సగం పలకగానే లేచి నిలబడింది. ఆపరేషన్ చేసి, వారం రోజులు అక్కడే ఉంచి, కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఇంటికి పంపించారు. వంగకూడదు, బరువు ఎత్తకూడదు, గట్టిగా నవ్వకూడదు. చేయడానికి పనేమీ లేనందువల్ల జోగమ్మ మంచం మీద కూర్చుని ఇంట్లో పిలుపులు లెక్కపెట్టింది. పొద్దున్న కొళాయి వచ్చింది మొదలు దీపం పెట్టే వేళ దాకా "బుల్లీ" నలభై మూడుసార్లు. "జోగమ్మా" అన్నది ఒక్కసారి కూడా లేదు.

మర్నాడు కోడలు కాఫీ తెచ్చినప్పుడు దారి మార్చి ప్రయత్నించింది.

"అంత ఎదిగిన గుంటని ఇంకా బుల్లి ఏటే?"

"అలవాటైపోయింది అత్తా."

"దానికో పేరుంది కదా."

"ఉంది."

"ఏటది?"

ఆదిలక్ష్మమ్మ గ్లాసు ఆవిడ చేతికి అందించి, చిన్నగా నవ్వి, "నీకు తెల్దేటి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. పదిహేనేళ్లు కాపలా కాసిన నోరు అంత తేలిగ్గా తెరుచుకోదు. సూటిగా అడగడానికి జోగమ్మకు మనసు రాలేదు. నలుగురి ముందు వేసిన ఆజ్ఞను తానే ఎత్తేయడమంటే ఆ నాడు తాను అన్నది పొరపాటని ఒప్పుకోవడమే కదా.

అలా మరో నాలుగు రోజులు గడిచేవే. కాని బుధవారం సాయంత్రం బుల్లి బడి నుంచి వస్తూనే పుస్తకాలు మంచం మీద పడేసి, డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న తండ్రి ఎదుట నిలబడింది.

"నాన్నా, టెన్తు వాళ్ల పేర్ల లిస్టు శనివారం బోర్డుకి పంపించేత్తారంట. అందులో ఏ పేరుంటే జన్మంతా అదే. మార్చుకోవాలనుకుంటే నాన్నగారి సంతకంతో కాయితం తెమ్మన్నారు."

"ఇప్పుడున్న పేరుకేటి?" అన్నాడు అప్పలసూరి, తల్లి మంచం వైపు చూడకుండా.

"ఏటా? అటెండెన్సులో నా పేరు రాగానే వెనక బెంచీ వాళ్లు లేచి దణ్ణాలు పెడతారు. దీవించండి మామ్మగారూ అంటారు. మూడేళ్ల నించి స్కూలు నాటకంలో ముసలమ్మ వేషం నాకే ఇత్తన్నారు."

"బాగా ఏసినావేటి?" అంది జోగమ్మ మంచం మీది నుంచి, నిజంగానే తెలుసుకోవాలని.

"ప్రైజొచ్చింది."

"మరేటి."

"మామ్మా, నవ్వులాట కాదు."

"ఏ పేరు ఎట్టుకుంతావు?"

"శైలజ." ఆ మూడక్షరాలనూ బుల్లి ఎంత అపురూపంగా పలికిందంటే, అద్దం ముందు చాలాసార్లు పలికి చూసుకున్నట్టు అందరికీ తెలిసిపోయింది. "పార్వతీదేవి పేరే. కొండకి పుట్టిందని."

"మీ క్లాసులో ఆ పేరున్నోలు నేరా?" అని అడిగాడు అప్పలసూరి.

"నలుగురున్నారు."

"అయితే నువ్వు ఐదోదానివి. మాస్టారు శైలజా అంటే ఐదుగురూ లెగిసి నిలబడతారు."

"నిలబడితే నిలబడతాం. ముసలమ్మ వేషం ఐదుగురికీ వంతులేసి ఇత్తారు."

అప్పలసూరి నవ్వు ఆపుకుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత కొంచెం గంభీరంగా, "అమ్మ పేరు తీసీడానికి నాను సంతకం పెట్టను. మీ మామ్మ ఊఁ అంటే పెడతాను, నేకపోతే నేదు," అన్నాడు.

ముగ్గురూ జోగమ్మ వైపు చూశారు. ఒక కంటితోనే అయినా ఆవిడకు మనవరాలి ముఖం స్పష్టంగా కనబడింది. అది పంతం పట్టిన ముఖం కాదు, భయపడుతున్న ముఖం. మామ్మ కాదంటుందన్న భయం కన్నా, మామ్మకు నొప్పి కలుగుతుందన్న భయమే ఎక్కువగా ఉందందులో. అది ఆవిడను మరింత ఇరకాటంలో పెట్టింది.

"శనివారం దాకా టైముంది కదా, సూద్దాం," అంది.

గురువారమంతా ఆవిడ అదే ఆలోచించింది. తాను కాదంటే పేరు నిలుస్తుంది. ఎక్కడ నిలుస్తుంది? బోర్డు వాళ్ల జాబితాలో, సర్టిఫికెట్టు మీద, ఏ ఆఫీసు బీరువాలోనో. పదేళ్లుగా బడి రిజిస్టరులో ఉన్నది ఆ పేరే. దానివల్ల తన చెవిన ఒక్కసారైనా పడిందా? పడిందల్లా ఆ పిల్ల తల మీద, ఎగతాళిగా. ఔనంటే మాత్రం ఆ పేరుకు లోకంలో ఆ చిన్న చోటు కూడా ఉండదు. ఎటు చూసినా నష్టంగానే తోచింది. తనకు కావలసింది కాగితమా, పిలుపా అని తనను తాను అడిగిన తర్వాత గాని చిక్కుముడి వదులు కాలేదు. కాగితం మీది అక్షరాలు చదవడం తనకు రాదు కూడా. కావలసింది పిలుపు. పిలుపుకు అడ్డం బోర్డు వాళ్లు కారు, శైలజ అనే పేరూ కాదు. ఉయ్యాల పక్కన తాను అన్న ఆ రెండు మాటలు.

శుక్రవారం మధ్యాహ్నం ఆదిలక్ష్మమ్మ అత్తగారి కంట్లో చుక్కల మందు వేయడానికి వచ్చి, ఆవిడ తలను తన చేతి మీదికి వాల్చుకుంది.

"ఆదిలచ్మీ, ఆ గుంటని పేరు మార్చుకోమందామా?"

"నీ ఇష్టం అత్తా."

"నీకేటీ అనిపించదా?"

చుక్క కంట్లో పడింది. ఆదిలక్ష్మమ్మ సీసా మూత బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించింది.

"ఎందుకనిపించదు? ఆ పేరు కోసం నాను పదిహేనేళ్లు నోరు కట్టుకున్నాను. కన్న కూతుర్ని కడుపారా పేరెట్టి పిలుసుకోనేదు. ఇప్పుడది తీసి పారేత్తే నాను కట్టుకున్నది దేనికంట?"

కోడలి వైపు నుంచి జోగమ్మ ఈ సంగతిని ఎప్పుడూ చూడలేదు. తనకు పేరు వినబడలేదన్న లోటు ఎంతో, అనలేకపోయిన లోటు ఈ పిల్లకు అంతే. ఇద్దరూ ఒకే గోడకు చెరో పక్కన కూర్చున్నారు. గోడ కట్టింది ఒకరే.

"అయితే ఇప్పీ," అంది.

"ఏటి?"

"నోరు. ఆ పొద్దు నానే కట్టమన్నాను, ఈయేల నానే ఇప్పమంటన్నాను. ఆ పొద్దు అన్నది నా తప్పే. నలుగుర్లో గొప్పకి అన్నాను. దాన్ని జోగమ్మా అని పిలు."

ఆదిలక్ష్మమ్మ సీసాను కిటికీలో పెట్టింది. "నా నోటంట రాదత్తా," అంది.

"పదిహేనేళ్లలో ఒక్కపాలైనా అన్నేదా? నిజం సెప్పు."

"తిట్టనంటే సెప్తాను."

"కంట్లో మందేసుకుని పడుకున్నాను. ఎలగ తిడతాను?"

ఆదిలక్ష్మమ్మ గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది. "రుబ్బురోలు కాడ అనేదాన్ని."

"రోలు కాడా?"

"నువ్వు నన్నేదైనా అన్నప్పుడు పెరట్లోకెల్లి పప్పు రుబ్బీదాన్ని. పొత్రం సప్పుడులో ఇనబడదు కదా. ఒక్కో తిప్పుకి ఒక్కోపాలి అనేదాన్ని. జోగమ్మా, కూరలో ఉప్పు నేదంటావా, రేపట్నించి నువ్వే ఎయ్యి. జోగమ్మా, మా పుట్టింటోల్ల గురించి ఇంకోపాలి అను, సెప్తాను. అలగ. కోపం తగ్గిందాకా రుబ్బీదాన్ని."

జోగమ్మ పడుకునే ఉంది. ముందు ఆవిడ పెదవులు బిగిశాయి. ఆ పెరట్లో పొత్రం గంటల తరబడి తిరిగిన రోజులు ఒక్కొక్కటీ గుర్తుకు వచ్చాయి. కోడలు ఎంత పనిమంతురాలో అని తాను వీధి అరుగుల మీద చెప్పుకున్న మాటలు గుర్తుకు వచ్చాయి. పండగకు తమ ఇంటి గారెలు తిని, ఇంత మెత్తగా ఎలా వస్తాయమ్మా అని ఇరుగుపొరుగులు అడిగిన సంగతి కూడా గుర్తుకు వచ్చింది.

"అందుకేనేటే మన గారెలు అలగొచ్చేవి," అంది.

ఆ మాటతో ఆవిడ పొట్ట కదలడం మొదలుపెట్టింది. భుజాలు కదిలాయి. మంచం కిర్రుమంది.

"నవ్వకత్తా, డాక్టరు నవ్వొద్దన్నాడు," అంటూ ఆదిలక్ష్మమ్మ ఆవిడ తలను రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకుని తానూ నవ్వింది. నవ్వు ఆపుకోవడానికి ఇద్దరూ చేసిన ప్రయత్నం వల్ల అది మరింత పెరిగింది.

"సరే, నోటికి అలవాటే," అంది జోగమ్మ ఊపిరి తీసుకుని. "ఇప్పుడను, రోలు నేకుండా."

ఆదిలక్ష్మమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. "జో" అని ఆగిపోయింది. "నువ్వలగ సూత్తంటే రావట్నేదు. అటు తిరుగత్తా."

జోగమ్మ గోడ వైపు తిరిగింది. తర్వాత వెనక నుంచి, కొత్త గిన్నెను అటక మీది నుంచి దించినంత జాగ్రత్తగా, "జోగమ్మా" అని వినబడింది.

"ఆఁ," అంది జోగమ్మ.

పిలిచింది మనవరాలినో తననో ఆవిడ ఆలోచించలేదు. గోడ వైపు తిరిగి ఉండటం మంచిదే అయింది. కట్టు కట్టని ఆ రెండో కంట్లోంచి, మందు వేయకుండానే, నీళ్లు కారుతున్నాయి.

ఆ సాయంత్రం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు జోగమ్మ తన తీర్పు చెప్పింది.

"కాయితం మీద నీ ఇష్టం, ఇంట్లో నా ఇష్టం. మీ నాన్న సంతకం ఎడతాడు. బళ్లో నువ్వు శైలజవి. గుమ్మం దాటి లోపలికొచ్చినాక జోగమ్మవి."

బుల్లి ముందు సంతోషించి, తర్వాత అనుమానపడింది. "ఇంట్లో ఎవరు పిలుత్తారలగ?"

"మీ అమ్మ."

బుల్లి తల్లి వైపు చూసింది. ఆదిలక్ష్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండా, "జోగమ్మా, దీపానికి నూనె తేవే," అంది. అప్పటికి ఆవిడ ఇంట్లో ఎవరికీ తెలియకుండా రెండు మూడుసార్లు అని చూసుకుంది కాబట్టి మాట తడబడలేదు. బుల్లి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. అప్పలసూరి చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఈదిలోకి ఇనబడేలా పిలవకూడదు మరి," అంది బుల్లి, తేరుకుని.

"ఈదిలోకి ఇనబడకపోతే పిలిసి ఏటి లాబం?"

"నా ఫ్రెండ్సొచ్చినప్పుడు?"

జోగమ్మ ఆలోచించింది. న్యాయంగానే తోచింది. "ఆల్లొచ్చినప్పుడు శైలజే. ఆల్లెల్లిపోయినాక జోగమ్మ."

"నాను మాత్రం బుల్లి అనే అంటానమ్మా," అన్నాడు అప్పలసూరి బతిమాలుతున్నట్టు. "కన్నతల్లి పేరెట్టి, ఒలే ఇలగ రా అని నానెలగ అంటాను?"

"నీకు మినాయింపు."

శనివారం పొద్దున్న షిఫ్టుకు వెళ్లేముందు ఆయన సంతకం పెట్టాడు. బుల్లి ఆ కాగితాన్ని పుస్తకం మధ్య పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మామ్మ మెడ చుట్టూ చేతులు వేసి, కంటి కట్టు కదులుతుందేమోనని వెంటనే తీసేసి, పరుగెత్తింది.

దాని పర్యవసానం ఏమిటంటే, ఇన్నేళ్లుగా కాగితం మీద ఉన్న పేరు ఇంటి పిలుపు అయింది, ఎక్కడా లేని పేరు కాగితం ఎక్కింది. ఇంట్లోనైతే మొదటి వారం ఆదిలక్ష్మమ్మ ఆ పేరును పిలవడానికి మాత్రమే వాడింది. రెండో వారం పురమాయించడానికి వాడింది. దీపావళి నాటికి తిట్టడానికి కూడా బాగా అలవాటు పడింది. అంతకుముందు ఆవిడను ఎవరూ నోరుగల మనిషని అనలేదు. ఇప్పుడు ఆ పెరట్లోంచి వచ్చే మాటలకు వీధిలో గంప దించి గంగాలమ్మ కూడా నిలబడి వినేది.

"నీ కోడలికి గొంతొచ్చింది వొదినా," అంది ఒకనాడు. "మా పేటకి పంపు, తెప్పల కాడ పనికొత్తాది."

జోగమ్మకు కంటి కట్టు విప్పారు. కొత్త కళ్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఆవిడ ఆ తిట్లన్నీ శ్రద్ధగా వినేది. విన్నకొద్దీ ఆవిడకు ఒక సంగతి స్పష్టమైంది. వాటిలో కొన్ని ఆ పిల్లకు అతకవు. రిబ్బను కనబడటం లేదని అడిగినందుకు, "జోగమ్మా, నీ మాటే నెగ్గాలంటావు, ఒకరు సెప్పింది ఇనవు, ఒట్టి మొండి మనిసివి" అని ఎవరూ తిట్టరు. అన్నం కొంచెం చాలన్న పిల్లను, "అందరికీ వొంకలెడతావు, జోగమ్మా, నీకు వొండి మెప్పించినోలు నేరు" అని ఎవరూ అనరు. అది మరెవరికి చేరవలసిన మాటో, ఎన్నేళ్ల కిందటి మాటో జోగమ్మకు తెలుసు. ఆవిడ ఒక్కొక్కదాన్నీ తూచి చూసుకుని, న్యాయమైనవాటికి తల ఊపేది. ఎక్కువ భాగం న్యాయంగానే ఉండేవి.

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ మనవరాలిని అరుగు మీద ముందు కూర్చోబెట్టుకుని, తలకు నూనె రాసి జడ అల్లుతోంది. వీధిలో ఎండ కాస్తోంది. పోర్టు వైపు నుంచి ఓడ కూత ఒకటి వచ్చి తగ్గింది. పెరట్లోంచి ఆదిలక్ష్మమ్మ గొంతు ఇల్లంతా దాటి వచ్చింది.

"జోగమ్మా, కొళాయి ఆగిపోతంది, బిందె తేవే. పొద్దెక్కినా నీకు ఒళ్లు ఒంగదు కదా."

పిల్ల లేవబోయింది. జోగమ్మ జడను గట్టిగా పట్టుకుని ఆపి, లోపలికి తల తిప్పి కేకేసింది.

"కోడలా, ఇంకొంచెం గట్టిగా పిలవ్వే. దీనికి ఇనబళ్లేదు."